ఇత్తడాయన కంపెనీ

ఆఫీసు తలుపులకు బిగించే పేరు పలకలు చెక్కడం ఆయన పని. ఇత్తడి మీద చెక్కుతాడు కాబట్టి వీధి వీధంతా ఇత్తడాయన అనే పిలుస్తారు. ఊళ్లోవాళ్ల పేర్లన్నీ చెక్కినవాడి పేరు మాత్రం ఎవరికీ తెలియదు. విడ్డూరమే గానీ, దానికి ఆయన ఏనాడూ నొచ్చుకోలేదు. ఎవరి పేరు చెవిన పడినా అది పలక మీద ఎంత జాగా తీసుకుంటుందో బల్ల మీద వేళ్లతో కొలిచి చూసుకోవడం ఆయనకు అలవాటు. పెళ్లిచూపుల్లో అమ్మాయి పేరు చెప్పగానే మోకాలి మీద కొలిచాడని ఆయన భార్య ఇప్పటికీ దెప్పుతుంది.

ఇప్పుడు కొలవడమే గానీ చెక్కడం లేదు. కొత్త ఆఫీసుల్లో గదులే ఉండటం లేదు, గదుల్లేనప్పుడు తలుపులెందుకు? ఎవరు ముందొస్తే వాళ్లు ఖాళీ కుర్చీ చూసుకుని కూర్చుంటున్నారట. ఏదో పెద్ద మేనేజర్లకు మాత్రం ఇంకా తలుపులు మిగిలాయి.

ఇది చూసి బావమరిది చెక్కే మెషీన్‌కి బేరం కుదిర్చాడు. "వచ్చే నెల మొదటి సోమవారం వచ్చి పట్టుకెళ్తారు బావా. నువ్వు మా గోడౌన్‌లో కూర్చుని వచ్చేపోయే లారీలు చూసుకో. నీడపట్టు పని" అన్నాడు. మంచికే అన్నాడు. ఇత్తడాయనకు మాత్రం ఒళ్లు మండింది. ఈలోగా ఒక్క పెద్ద ఆఫీసు ఆర్డరొచ్చినా మెషీన్ కదిలేది లేదని తెగేసి చెప్పాడు. "వస్తే నాకంటే సంతోషించేవాడెవడు?" అన్నాడు బావమరిది, రాదని తెలిసినవాడి నెమ్మదితో.

ఆర్డరొస్తుందన్న ఆశ పెట్టింది కాలేజీలో చదివే మేనకోడలు. "కస్టమర్లు ఇప్పుడు రోడ్ల మీద దొరకరు మావయ్యా. ఉద్యోగస్తులంతా ఉండే సైటొకటుంది, అందులో నీకో ప్రొఫైల్ పెడదాం" అంది. ఊరుకోకుండా మెడకు టై కట్టించి ఫొటో తీసింది. ఫొటో కింద మేనేజింగ్ డైరెక్టర్ అని రాసి, దాని కింద 'వేగంగా పెరుగుతున్న టీమ్' అని చేర్చింది. టీమంటే ఆయనా, పలకలకు మెరుగుపెట్టే ఆయన భార్యా.

"వేగంగా పెరగడమేమిటే? నేను లావెక్కుతున్నానని ఊరంతా చాటుతున్నావా?" అంది భార్య.

"అక్కడ అందరూ అలాగే రాసుకుంటారత్తయ్యా. ఉన్నదున్నట్టు రాస్తే ఎవరూ తిరిగి చూడరు."

ఇత్తడాయన ఆ సైటులో తన బుర్రకు తోచిన దారొకటి పట్టాడు. ఎవరికి ప్రమోషనొచ్చినా అక్కడ చెప్పుకుంటారు. హోదా మారితే తలుపు మారుతుంది, తలుపు మారితే పలక కావాలి. కనబడిన ప్రతివాళ్లకీ అభినందనలు రాశాడు. అందరూ మర్యాదస్తులే, ధన్యవాదాలు చెప్పారు. పలక ఊసు మాత్రం ఒక్కరూ ఎత్తలేదు.

అడిగితే పని కావడం లేదు, చేసి పంపితేనో? ఇత్తడి మీద తన పేరు తళతళలాడుతుంటే కాదనే మనిషి ఉంటాడా? చివరగా మిగిలిన మంచి రేకు ఒకే పలకకు సరిపోతుంది. అప్పుడే ఒక పెద్ద కంపెనీలో సీనియర్ మేనేజరయ్యానని పోస్టు పెట్టినాయన్ని ఎంచుకున్నాడు. చిన్న కానుక పంపుతాను, అడ్రస్ ఇవ్వమని రాశాడు. ఆయన ఇంటి అడ్రస్ ఇచ్చాడు.

"ఆఫీసుది ఇవ్వలేదేం?" అంది భార్య.

"పెద్దవాళ్లు. నలుగురిలో ఊరికే తీసుకుంటే బాగుండదనుకుని ఉంటారు" అన్నాడు. ఆశపడ్డవాడికి జవాబులకేం కొదవ?

పలక పంపాక కళ్లలో వత్తులేసుకుని ఫోను చూస్తూ కూర్చున్నాడు. చివరికి ఆ సోమవారానికి ముందు శనివారం జవాబొచ్చింది. పలక అందిందట, చాలా బాగుందట. 'మీ కంపెనీకి వచ్చి మీతో మాట్లాడాలనుంది. రేపు కుదురుతుందా?' అని అడిగాడు. ఇత్తడాయన దాన్ని భార్యకు మూడుసార్లు చదివి వినిపించాడు.

ఆదివారం పొద్దున్నుంచీ హడావిడే. భార్య పక్క షాపు టైలర్ని అడిగి రెండు మంచి కుర్చీలు తెచ్చింది. ఈయన పాత నమూనాలన్నీ తుడిచి గోడకు తగిలించాడు. మెషీన్‌కి నూనె వేసి, "రేపు నిన్నెవడు తీసుకుపోతాడో చూస్తాను" అని దాన్ని తట్టాడు కూడా.

మేనేజరు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో బరువైన సంచి. గదంతా కలయజూసి, "స్టాఫెవరూ కనబడటం లేదు" అన్నాడు.

"ఆదివారం కదండీ!" అన్నాడు ఇత్తడాయన తడుముకోకుండా. కూర్చోబెట్టి నమూనాలు ముందు పరిచాడు. "మీ ఫ్లోర్‌లో ఎన్ని గదులుంటాయండీ? అన్నిటికీ ఒకే రకానివైతే చూడముచ్చటగా ఉంటాయి."

మేనేజరు నమూనాల వంక చూడలేదు. సంచిలోంచి టవల్లో చుట్టిన పలక తీసి బల్ల మీద పెట్టాడు.

"నేను ఆర్డరివ్వడానికి రాలేదండీ. మీ దగ్గర ఏదైనా పని దొరుకుతుందేమోనని వచ్చాను."

ఇత్తడాయనకు అర్థం కాలేదు. "మీరు సీనియర్ మేనేజరు కదండీ?"

"ఉద్యోగం పోయి చాలా రోజులైంది. ఖాళీగా ఉన్నానని రాసుకుంటే పలకరించే దిక్కులేదు. అందుకని ప్రమోషనొచ్చినట్టు పెట్టాను. ఇంట్లో కూడా చెప్పలేదు, రోజూ టిఫిన్ డబ్బా పట్టుకుని బయల్దేరుతున్నాను. ఇంతలో మీ పలకొచ్చింది. మా ఆవిడ అది చూసి ప్రమోషన్ నిజమేననుకుంది. గుమ్మానికి బిగించమని రోజూ పోరు." ఆయన టవల్ మడతపెట్టి సంచిలో పెట్టాడు. "టీమ్ పెరుగుతోందని రాశారుగా. ఇంత మంచి మనసున్నాయన్ని అడిగితే కాదనరనుకున్నాను."

ఇత్తడాయనకు కోపం రావాలి. వచ్చింది కూడా. ఎవరి మీద చూపించాలో తెలియలేదు. ఎదురుగా ఉన్నవాడు అబద్ధం రాశాడందామంటే, టై కట్టుకున్న తన ఫొటో గుర్తొచ్చింది.

టీ తెచ్చిన భార్య గుమ్మంలోనే ఆగి అంతా వింది. కప్పు మేనేజరు చేతికిచ్చి, "టీమంటే మేమిద్దరమే బాబూ. మీరు కూర్చున్న కుర్చీ కూడా టైలర్‌ది" అంది.

ముగ్గురూ టీ తాగారు.

మేనేజరు లేచి పలకను ముందుకు జరిపాడు. "ఇది మీరే ఉంచుకోండి. వెనకవైపు నున్నగానే ఉంది, ఇంకొకరి పేరు చెక్కుకోవచ్చు."

"దేంతో చెక్కమంటారు? రేపు మెషీన్ వెళ్లిపోతోంది."

మేనేజరు తల వంచుకుని గడప దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు. "ఒక్క సాయం చేస్తారా? మీ కంపెనీలో చేరానని సైటులో రాసుకుంటాను. ఉద్యోగం పోయిందని చెప్పే ధైర్యం లేదు, మారానని మా ఆవిడకు చెప్పుకుంటాను."

"రాసుకోండి" అన్నాడు ఇత్తడాయన. "లేని కంపెనీయేగా."

సోమవారం మనుషులొచ్చి మెషీన్ విప్పుకుని పట్టుకుపోయారు. అదున్నచోట గచ్చు నల్లగా, నలుచదరంగా మిగిలింది. భార్య చీపురు తెచ్చి ఇత్తడి పొట్టు ఊడుస్తుంటే ఫోను మోగడం మొదలైంది. మోగుతూనే ఉంది. మేనేజరు కొత్త ఉద్యోగం సంగతి పోస్టు పెట్టాడు. ఆయన్ని అభినందించినవాళ్లంతా ఇత్తడాయన ప్రొఫైల్‌కి వచ్చి పడుతున్నారు. ఇన్నాళ్లూ ఒక్క మనిషైనా రాస్తే బాగుండునని ఎదురుచూసిన చోట మెసేజి మీద మెసేజి.

"ఆర్డర్లా?" అంది భార్య. చీపురు చేతిలోనే ఉంది. ఆ మొహంలో ఆశ చూసి ఆయనకు గుండె తరుక్కుపోయింది.

"కాదే. ఉద్యోగాలు అడుగుతున్నారు."

ఒక్కొక్కటీ చదువుతూ పోయాడు. చదువుకున్నవాళ్లు, అనుభవమున్నవాళ్లు, ఏ పనైనా చేస్తామన్నవాళ్లు. ఒకచోట ఆగిపోయాడు. 'నేనూ పేరు పలకలు చెక్కేవాణ్ణే సార్. ఆర్డర్లు లేక మెషీన్ అమ్మేశాను. మీ కంపెనీ పెరుగుతోందని చూశాను. ఏదో ఒక మెషీన్ ముందు కూర్చోబెట్టండి, మీరు ఎంతిచ్చినా చాలు.'

కింద ఆ మనిషి తన పేరు రాసుకున్నాడు. ఇత్తడాయన దాన్ని రెండుసార్లు చదివాడు. పలక మీద ఎంత జాగా పడుతుందో అలవాటు కొద్దీ బల్ల మీద వేళ్లతో కొలిచాడు. తర్వాత ఫోను బోర్లించి, భార్య చూస్తున్నా సరే, బావురుమని ఏడ్చాడు.