పైడమ్మ పలికిన పేరు

నేను ఒక రైలు పట్టా ముక్కను. మూరెడు పొడవు కూడా ఉండను. పట్నంలో మ్యూజియం వరండాలో ఇనుప గొలుసుకు వేలాడుతుంటాను. నా కింద అట్టముక్క మీద 'పాతకాలపు స్టేషన్ గంట' అని రాసిపెట్టారు. అది అబద్ధమేమీ కాదు. కానీ నా గురించి చెప్పాల్సిన మాట అది కాదు. చెప్పేవాళ్లెవరూ మిగల్లేదు గనక నేనే చెబుతాను.

పుట్టింది సముద్రాల అవతల. అక్కడి కొలిమిలో నన్ను సాగదీసి, వంకర లేకుండా తీర్చి, ఓడలోకి ఎక్కించారు. గంజాం సీమలో ఒక రేవులో దించారు. ఆ సీమ జమీందారు ఒకాయనకు సొంత రైలు మీద మనసైంది. ఉప్పు, ధాన్యం, కొండసరుకు రేవుకు చేరవేయడానికని పైకి చెప్పుకున్నాడు. అసలు సంగతేమిటంటే, ఇరుగుపొరుగు జమీందార్లకు ఏనుగులున్నాయి గానీ రైలు లేదు. మనుషులు తలపెట్టే పెద్ద పనుల వెనక ఇలాంటి చిన్న బుద్ధులు ఉంటూనే ఉంటాయి. నాకు దాంతో పేచీ లేదు. ఆ బుద్ధి పుట్టినవాడు ఒక్క దుంగ కూడా మోయలేదు, అదీ నా బాధ.

రేవు నుంచి బయల్దేరిన లైను ఎర్రగట్టు దాకా సాఫీగానే వచ్చింది. అక్కడ కొండవాలు అడ్డం పడింది. దాన్ని నిలువునా కోసి దారి తీశారు. ఎండలో రాయిలా ఉండే ఆ మట్టి నాలుగు చినుకులు పడితే నానబెట్టిన పిండిలా జారిపోతుంది. కూలీలకు ఆ సంగతి తెలుసు, పని చేయించే ఇంజనీరు దొరకూ తెలుసు. వానలు ముదిరేలోగా మొదటి బండి నడిపించాలని జమీందారు తొందర. నన్ను ఆ కోతలో అప్పటికి చివరి పట్టాగా పరిచారు.

పైడమ్మా ఆమె భర్తా ఆ పనికి కొత్తగా వచ్చినవాళ్లు. ఎక్కడో ఏటి అవతలి ఊరు. ఆమె తట్టలతో మట్టి మోసేది, అతను పట్టాలెత్తే గ్యాంగులో ఉండేవాడు. అతనికి పాడే గొంతు లేదు గానీ చేతిలో తాళం ఉంది. గ్యాంగు 'ఐలేసా' అంటూ పట్టా ఎత్తేటప్పుడు గునపంతో నా మీద దరువు వేసేవాడు. రెండు నిదానంగా, మూడోది గట్టిగా. మూడో దెబ్బకు అందరి భుజాలూ ఒక్కసారి లేచేవి. నన్ను ముట్టుకున్న చేతులన్నింటిలో నాకు నచ్చిన చేయి అదొక్కటే.

పైడమ్మ తోటి ఆడవాళ్లతో బాగా కలిసిపోయింది. ఆమె మొగుడికి ఎండుచేపల పులుసంటే ప్రాణమని వాళ్లకు తెలుసు, నిద్రలో నవ్వుతాడనీ తెలుసు. పేరు మాత్రం తెలియదు. భర్త పేరు పలికితే అతని ఆయుష్షు తగ్గుతుందని ఆ రోజుల్లో ఆడవాళ్ల నమ్మకం. అందుకని ఆమె ఏనాడూ చెప్పలేదు, వాళ్లూ అడగలేదు.

ఒకరోజు, రాత్రంతా వాన కురిసి పొద్దున్నే ఎండ కాసింది. కోత లోపలి గ్యాంగులో మనిషి తక్కువైతే మేస్త్రీ కూర్మయ్య పైడమ్మ భర్తను పట్టాలెత్తే గ్యాంగులోంచి తీసి అందులో వేశాడు. అతని పాత గ్యాంగువాళ్లు పట్టాల కోసం రేవుకు పోయారు. మధ్యాహ్నానికి గట్టు జారింది. నా సగం ఒళ్లు మట్టి కింద ఉండిపోయింది, సగం బయట మిగిలింది.

దగ్గర్లో ఉన్న కూలీలంతా పరుగెత్తుకొచ్చి తవ్వారు. లోపలి గ్యాంగువాళ్లను ఒక్కొక్కరినే బయటికి లాగారు. కూర్మయ్య వేళ్లు మడుస్తూ లెక్క చూసుకున్నాడు. తన మనుషులంతా వచ్చేశారు. పొద్దున తానే వేసిన కొత్త మనిషి ఆ వేళ్ల మీద లేడు. పైన మట్టి ఇంకా పగుళ్లిస్తోంది, అందరినీ దూరంగా పొమ్మని దొర కేకలేస్తున్నాడు. అప్పుడు పైడమ్మ వచ్చి మేస్త్రీ కాళ్ల దగ్గర కూలబడింది.

"మా ఆడు రాలేదు బావూ."

"నీ మొగుడి పేరేటమ్మా? బేగి సెప్పు."

ఆమె తల వంచుకుంది. ఏడుపు మధ్యలో ఎలాగో అంది. "ఏడుకొండలోడి ఊరు బావూ."

ఏడుకొండలవాడు అన్నంతవరకే అతని చెవిన పడింది. ఊరు అన్న మాట ఏడుపులో కలిసిపోయింది.

"ఎంకన్నేనా? ఆడు బయటికొచ్చీసినాడు. అదిగో, నీల్లు తాగతన్నాడు."

అక్కడ ఒళ్లంతా మట్టితో వెంకన్న అనే కూలీ నిజంగానే కూర్చుని నీళ్లు తాగుతున్నాడు.

"ఆడు కాదు బావూ. ఆడు కాదు."

"మరెవులు? నోరిప్పి సెప్పకపోతే నాకెలా తెలుస్తాది?"

ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. చుట్టూ ఉన్న ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్లకూ తెలియదు. మగవాళ్లు పారలు భుజాన వేసుకుని దిగిపోసాగారు.

నాకు తెలుసు. మట్టి కింద నా రెండో కొస మీద గునపం పడుతోంది. రెండు నిదానంగా, మూడోది గట్టిగా. ఆ దెబ్బ నా ఒళ్లంతా పాకి ఈ కొసకు వస్తోంది. నేను అరుస్తూనే ఉన్నాను. ఇంతమంది నన్ను మోశారు, తొక్కారు, నా మీద కూర్చుని చుట్టలు కాల్చారు. ఆ పూట ఒక్కరైనా నా మీద చెవి పెట్టలేదు. ఇప్పటికీ తలచుకుంటే నాకు కోపమే వస్తుంది.

చివరికి పైడమ్మ లేవబోతూ నా మీద చేయి వేసింది. వేసిన చేయి తీయలేదు. వంగి చెవి ఆనించింది.

"బతికున్నాడు. పట్టా మీద కొడతన్నాడు."

"కాగిన ఇనుము సల్లబడితే అలాగే సప్పుడు సేస్తాది. లెగు, గట్టు మల్లీ జారగలదు," అన్నాడు కూర్మయ్య.

"ఇనుముకి ఐలేసా వస్తాదేటి?"

ఆమె నిలబడింది. కొంగు నోట్లోంచి తీసేసి, అందరికీ వినపడేలా అంది.

"తిరుపతి. నా పెనివిటి పేరు తిరుపతి."

కూర్మయ్య మొహంలో నెత్తురు చుక్క లేదు. పొద్దున తానే పిలిచి లోపలికి పంపిన పేరు అది. మళ్లీ పారలు లేచాయి. తవ్వుతున్నంతసేపూ పైడమ్మ ఆ పేరు పిలుస్తూనే ఉంది. మట్టి కింద దరువు మాత్రం తడబడుతూ వచ్చింది. మొదట మూడోది ఆగిపోయింది. తర్వాత రెండోది.

బయటికి తీసేసరికి కొన ఊపిరితో ఉన్నాడు. ఆమె "తిరుపతీ" అంటే కళ్లు తెరిచాడు. పెళ్లయ్యాక ఆ నోట తన పేరు వినడం అదే మొదలు. ఆ కళ్లలో నొప్పి కంటే ఆశ్చర్యమే ఎక్కువగా కనిపించింది.

"నన్నేటి... పిలిసినావు?"

ఎడ్లబండి వైద్యుడి దగ్గరకు చేరకముందే పోయాడు.

సాయంత్రానికి గుడిసెల్లో ఒకటే మాట. "మొగుణ్ణి పేరెట్టి పిలిసింది. ఆయుస్సు తీసీసింది." కూర్మయ్యకు నిజం తెలుసు. పేరు పలికినందుకు కాదు, ఆ పేరు ఆలస్యంగా పలికినందుకు పోయాడని, అందులో సగం పాపం తన వేళ్లదని తెలుసు. కానీ అతనూ తలూపి ఊరుకున్నాడు. లోకం తప్పును ఇంకొకరి మీద వేస్తుంటే కాదనేవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

మట్టి బరువుకు వంగిపోయిన నేను బండి నడవడానికి పనికిరానన్నారు. ఒక ముక్క కోసి ఎర్రగట్టు స్టేషన్లో గంటగా వేలాడదీశారు. పైడమ్మ ఊరికి తిరిగి పోలేదు. పోతే ఎవరు రానిస్తారు? ఆ స్టేషన్లోనే ప్రయాణికులకు మంచినీళ్లు పోసే పనిలో కుదిరింది. బండి వస్తోందని నన్ను మోగించినప్పుడల్లా ఆమె ఆ పేరు అనేది. మొదట్లో పెదవుల మీద, తర్వాత్తర్వాత పైకే.

"తిరుపతీ."

ప్రయాణికులు ఈమెవరో గొప్ప భక్తురాలనుకునేవారు. కిటికీల్లోంచి చేతులు జోడించి "గోవిందా" అనేవారు. ఆమె చెంబు వంచి నీళ్లు పోసేది. ఆమె పోయాక కూడా ఆ బళ్లు చాలాకాలం నడిచాయి. తర్వాత పెద్ద లైను పడింది, మా లైను పీకేశారు, నన్ను ఇక్కడికి తెచ్చారు.

మొన్న ఒక జంట వచ్చింది. 'ముట్టరాదు' అన్న బోర్డు చదివి మరీ ఆ కుర్రాడు ఉంగరంతో నన్ను కొట్టాడు. "శ్రవణ్, ఎవరైనా చూస్తారు, రా," అని భార్య నవ్వుతూ పిలిచింది. ఎంత తేలిగ్గా పిలిచిందో. నాకు సంతోషం వేసింది. నా మోత ఆగేదాకా నేను అలవాటుగా ఇంకో పేరు కోసం ఎదురుచూశాను. ఆ పేరు పలికేవాళ్లు ఇక్కడెవరూ లేరు.

మీరు ఎప్పుడైనా ఇటు వస్తే నన్ను కొట్టనక్కర్లేదు, ముట్టనక్కర్లేదు. ఆ పేరు ఒక్కసారి పైకి అనండి. చేతులు మాత్రం జోడించకండి. అది మనిషి పేరు.