వెంకటలక్ష్మి గ్లాసు

కిడ్నీ జబ్బు ఇంటింటా ఉన్న మా ఉద్దానం వైపు బడి ముఖం చూడని ముసలమ్మకు కూడా రక్తపరీక్షలో క్రియాటినిన్ అంటే తెలుసు. మా ఆవిడ వెంకటలక్ష్మికి అది తొమ్మిది దాటాక నాలుగేళ్లు డయాలసిస్ జరిగింది. తాగిన నీరు ఒంట్లోనే నిలిచిపోతుంది కనుక ఆమెకు రోజు మొత్తానికి నీళ్లు ఐదు చిన్న గ్లాసులు. కొలిచి పోసింది నేనే. ఆరో గ్లాసు అడిగితే ఇవ్వనిదీ నేనే. ఆమె పోయి మూడేళ్లయింది.

అందుకే మా అమ్మాయి నాగసుధకు లింఫోమా అని, అదొక రకం రక్త క్యాన్సర్ అని విశాఖలో డాక్టరు చెప్పినప్పుడు నేను మొదట అడిగింది, "కిడ్నీలు ఎలా ఉన్నాయండీ?" అని.

"ఉద్దానం వాళ్లా?" అన్నాడాయన. బాగానే ఉన్నాయన్నాడు.

మొదటి కీమో అయ్యాక నర్సు బేబి నన్ను కూర్చోబెట్టి చెప్పింది. ఆమెది బారువ. అంత పెద్ద ఆసుపత్రిలో మా యాస వినబడడమే నాకు కొండంత ధైర్యం.

"మందు పడ్డాక సెడ్డ కణాలు ఒక్కపాలి సచ్చిపోతాయి మాస్టారూ. ఆ సెత్తంతా కిడ్నీల మీద పడిపోద్ది. నీళ్లతో కడిగీయాల. రోజుకి మూడు లీటర్లు తాగించండి. యూరిన్ ఈ జగ్గులో కొలిసి రాయండి. తగ్గితే నాకు ఫోన్ సెయ్యండి, ఏటి?"

కాగితం మీద రాసుకున్నాను. కాలేజీలో ముప్పై ఏళ్లు కెమిస్ట్రీ చెప్పినవాణ్ణి, అర్థం కాని విషయమేమీ కాదు.

పలాసలో మా ఇంటికి వచ్చిన మొదటి రోజు జగ్గు రెండు లీటర్లు దాటింది. రెండో రోజు పొద్దున్న నాగసుధ మంచం మీద కాళ్లు చాపుకుని, తాను చదువు చెప్పే టెక్కలి బడి పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుతోంది. పాదాలు కాస్త ఉబ్బినట్టు కనిపించాయి. చీలమండ దగ్గర బొటనవేలితో నొక్కాను. గుంట పడింది. వేలు తీసేసినా పూడలేదు.

"ఏటి నాన్నా, అలా చూస్తన్నావు?"

"ఏం లేదమ్మా."

నాలుగేళ్లు వెంకటలక్ష్మి కాళ్ల మీద ఆ గుంటను చూసినవాణ్ణి. వంటింట్లోకి వెళ్లాను. చెంబు అక్కడే ఉన్నా నా చెయ్యి అటకపైకి వెళ్లి చిన్న గ్లాసు తీసింది. మధ్యాహ్నం నాగసుధ నీళ్లడిగితే, "ఇందాకే తాగావు కదమ్మా" అన్నాను. వాళ్లమ్మతో అన్న మాటే, అదే గొంతుతో. పిల్ల మళ్లీ అడగలేదు.

సాయంత్రానికి జగ్గులో మూడు వందల మిల్లీలీటర్లే. ఫోన్ చేయమన్న సంగతి గుర్తుంది. కానీ చేస్తే ఏమంటారోనని భయం. ఇంకో గ్లాసు తగ్గించాను.

మర్నాడు పొద్దున్న జగ్గు అడుగున కాస్త, టీ డికాక్షన్ రంగులో. నాగసుధ రెండుసార్లు వాంతి చేసుకుంది. అప్పుడు చేశాను ఫోన్.

"నిన్న ఎన్ని నీళ్లు తాగింది?" అంది బేబి.

"నాలుగు గ్లాసులు."

"ఏ గ్లాసు మాస్టారూ?"

చేతిలో గ్లాసు వైపు చూశాను. ఎన్ని మిల్లీలీటర్లో చెప్పాలి. "మా ఆవిడది" అన్నాను. పాదాల వాపు సంగతీ చెప్పాను.

తిడుతుందనుకున్నాను.

"మా అయ్యకీ డయాలసిస్సే. మేమూ అలాగే కొలిసి పోసినాం" అంది. "ఇది అది కాదు మాస్టారూ. ఆ వాపు సెలైన్‌దీ, మందులదీ. ఇప్పుడే అక్కడి ఆసుపత్రికి తీసుకెళ్లిపోండి. డాక్టరుగారు వాళ్లతో మాట్లాడతారు."

వెంకటలక్ష్మిని తీసుకెళ్లిన ఆసుపత్రే, అదే వరండా. రక్తం తీశారు. వారం కిందట సున్నా పాయింట్ ఎనిమిది ఉన్న క్రియాటినిన్ రెండు పాయింట్ నాలుగైంది. సెలైన్ పెట్టారు. సాయంత్రంలోగా యూరిన్ రాకపోతే డయాలసిస్ తప్పదన్నాడు డ్యూటీ డాక్టరు. ఎదురుగానే ఆ గది తలుపు. లోపల మిషన్ల చప్పుడు వినబడుతోంది. నాగసుధ ఆ తలుపు వైపే చూస్తోంది.

"నీళ్లు తగ్గించింది నేనమ్మా" అన్నాను.

"నేనూ అడగలేదు కదా నాన్నా. నీకన్నా ముందే కాలు నొక్కి చూసుకున్నాను."

రెండో సీసా అయింది. మూడోది పెట్టారు. మూడున్నరకు నాగసుధ, "జగ్గు ఇలా ఇయ్యి" అంది. ఆయా అమ్ములు సెలైన్ స్టాండు పట్టుకుని తీసుకెళ్లింది. తిరిగొచ్చాక జగ్గును కిటికీ వెలుగులో పెట్టి చూశాను. రెండు వందల యాభై. రంగు పలచబడింది.

బేబికి ఫోన్ చేశాను.

"ఇంకా రావాల మాస్టారూ. ఆపకండి, తాగించండి."

ఆరు గంటలకు మళ్లీ రక్తం తీస్తారు. లీటరు సీసా మూత తీశాను. ఆమె ముందుకు చాపాను.

"ఇందాకే తాగాను కదా నాన్నా" అంది నాగసుధ, నా గొంతు అనుకరిస్తూ. నవ్వుదామనుకుని నవ్వలేక, సీసా అందుకుని ఆగకుండా తాగింది. ఖాళీ సీసా నా చేతికిచ్చింది.

మంచినీళ్ల కుళాయి డయాలసిస్ గది తలుపు పక్కనే ఉంది. వెళ్లి నింపుకొచ్చాను.