రెండో మంచం

అక్క పోయాక, హాస్టల్లో ఆమెతో ఒకే గదిలో ఉన్న స్నేహితురాలు తమ కాలేజీ రోజుల మీద ఒక నవల రాసింది. అందులో అక్క నిలువెత్తునా ఉంది. అమ్మకు చదవడం రాదు కాబట్టి చెల్లెలే ఆ పేజీలు ఎన్నోసార్లు చదివి వినిపించింది. ఇప్పుడది సినిమాగా వచ్చింది. పెద్దకూతురు తెర మీద నడుస్తుంటే చూడాలని అమ్మ పట్టుబట్టింది.

హాస్టల్ గది కనిపించగానే చెల్లెలు మంచాల కోసం చూసింది. నవల్లో ఆ గదిలో రెండు మంచాలు. ఇక్కడ ఒక్కటే ఉంది.

"అక్క ఎప్పుడొస్తుందే?"

"ఇంటర్వెల్ తర్వాతమ్మా."

ఇంతలో తెర మీద హీరోయిన్ నీళ్లలా ఉన్న హాస్టల్ టీ వంక చూసి, "దీంతో మొహం కడుక్కుంటే ఇంకా తెల్లబడతాం" అంది. హాలంతా గొల్లున నవ్వింది. అమ్మ మాత్రం నవ్వలేదు.

"అది మన పిల్ల మాట కదే?"

"అవునమ్మా."

ఇంటర్వెల్ తర్వాతా ఎవరూ రాలేదు. హీరోయిన్ డిగ్రీ పట్టా అందుకుంది. జనం చప్పట్లు కొట్టారు. లైట్లు వెలిగాయి.

"అక్కనీ ఆ స్నేహితురాలినీ కలిపి ఒక్కరిని చేశారమ్మా," అంది చెల్లెలు తల దించుకుని.

"మాటలు పనికొచ్చాయి, పిల్లే పనికిరాలేదన్నమాట."

అమ్మ కాలితో తడుముతూ చెప్పులు వెతుక్కుంది.

"పద, ఇంటికెళ్లి పుస్తకం చదువు. అక్కకు జ్వరమొచ్చాక ఏం జరిగిందో అదీ చదువు. ఎప్పుడూ అక్కడ దాటేస్తావు, నాకు తెలీదనుకున్నావా? అదైనా మన పిల్లదే కదే."