పది అంకెల తాళం

స్టవ్ బర్నర్ బొక్కల్లో పేరుకున్న మసిని ప్రతి శుక్రవారం పిన్నీసుతో పొడిచి తీయడం ద్వాలికి అలవాటు. ఆ పని చెయ్యమని ఎవరూ చెప్పలేదు, చేసిందని ఎవరూ చూడలేదు. మంట నీలంగా లేచినప్పుడు తానొక్కతే చూసి మురిసిపోయేది. ఆ శుక్రవారం కూడా బర్నర్లయ్యాక, పిన్నీసు చేతిలో ఉండగానే ముందుగదిలోకి వచ్చి అల్మారా మీది నల్ల డబ్బాను తుడిచింది. దాన్ని భర్త బలరాం రౌటర్ అంటాడు. తడిగుడ్డ పెట్టొద్దని పదిసార్లు చెప్పి ఉన్నాడు కాబట్టి పొడిగుడ్డతోనే తుడిచింది. వెనకవైపు సన్నటి బొక్క ఒకటి కనబడింది. దాన్నిండా దుమ్ము. ఏ బొక్కలో దుమ్మున్నా ఊరుకునే చెయ్యి కాదది. పిన్నీసు మొన పెట్టి నొక్కింది. లోపల ఏదో మెత్తగా కిందికి దిగింది. మురికి బాగా గట్టిపడినట్టుంది అనుకుని, ఇరవై లెక్కపెట్టేంతసేపు అట్లాగే అదిమి పట్టింది. డబ్బా మీది దీపాలన్నీ ఒక్కసారిగా ఆరిపోయి, మళ్లీ ఒక్కొక్కటే వెలిగాయి. ఒకటి మాత్రం ఎర్రగా నిలిచిపోయింది.

ఇంకే రోజైనా ఆమె గుండె అంతగా జారిపోయేది కాదు. బలరాం ఇల్లందులో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతాడు. సర్కారు లెక్చరర్ పోస్టుల నోటిఫికేషన్ కోసం నాలుగేళ్లు ఎదురుచూశాడు. దరఖాస్తు నెట్‌లోనే పంపాలి, ఈ రోజే ఆఖరు. ప్రిన్సిపాల్ అనుభవం సర్టిఫికెట్ మీద సంతకం పెట్టడానికి ఈ రోజు దాకా తిప్పించుకున్నాడు. అది పట్టుకుని బలరాం సాయంత్రం ఐదున్నర బస్సుకు వస్తాడు. మిగతావన్నీ లాప్‌టాప్‌లో ఎక్కించి ఇంట్లోనే పెట్టిపోయాడు. వాళ్లుండే టేకులపల్లిలో ఉన్న ఒక్క నెట్ సెంటరూ ఆర్నెల్ల కింద మూతబడింది. పొద్దున చెప్పులేసుకుంటూ అన్నమాట ఇంకా గుమ్మంలోనే ఉన్నట్టుంది: "ఇయ్యాల ఒక్కరోజు గా డబ్బా జోలికి పోకు. నీకు పుణ్యముంటది."

ఆయన అట్లాగే అంటాడు. అరవడు, కొట్టడు. ఆ మాట ఎవరికి చెప్పుకున్నా, అదృష్టవంతురాలివి పో అంటారు. కాలేజీ పిల్లలు దారిలో కనబడితే, మా సారు ఎంత ఓపికో అక్కా, నాలుగుసార్లడిగినా నాలుగుసార్లు చెప్తడు అంటారు. ఆ ఓపిక ఇల్లందు బస్సెక్కి పోయి, ఇల్లందులోనే దిగిపోతుందేమో అని ద్వాలి అనుకునేది. డబ్బా వచ్చిన కొత్తలో, తీగ లేకుండా ఎట్లొస్తది అని ఒకసారి అడిగింది. ఊరికే తెలుసుకోవాలని కాదు, రెండేళ్ల కూతురు జ్యోత్స్న ఉయ్యాల ఆ అల్మారా కిందే ఉండేది. గాలిలో పోయేదేదో బిడ్డ తల మీదుగా పోతుందా, దగ్గు అందుకే తగ్గడం లేదా అని రెండు రాత్రులు నిద్రపట్టలేదు. "నీకు సమజయ్యేది కాదులే" అని నవ్వాడు. ఉయ్యాలను ఆమే వంటింటి గుమ్మం దగ్గరికి మార్చుకుంది. పొగ ఇటు, గాలి అటు, ఏది తక్కువ చెడుపో తేల్చుకోలేక కొన్నాళ్లు మళ్లీ అటూ ఇటూ జరిపింది. అత్త రూప్లి చూసి, బిడ్డనా, చాటలో బియ్యమా అట్ల చెరుగుతున్నవ్ అని నవ్వింది.

ఇప్పుడు ఆ ఎర్రదీపం ముందు నిలబడి ద్వాలి మొదట చేసిన పని, డబ్బాను ఎట్లా ఉందో అట్లా పెట్టి పక్కకు రావడం. ముట్టుకోలేదంటే సరిపోతుంది. కరెంటు పోయొచ్చింది, అందుకే అయింది అనొచ్చు. కానీ అప్పుడు ఆయన దరఖాస్తు పోదు. ఆ ఉద్యోగం కోసం ఆయన పుస్తకాల మీదే తలపెట్టి పడుకున్న రోజులు ఆమెకు తెలుసు. తాను తప్పించుకోవడానికి ఒక మనిషి నాలుగేళ్లు పోవడమా? రెండో ఆలోచన అంత మంచిది కాదు గానీ అదీ వచ్చింది: ఈ తప్పు బయటపడితే, ఇక చచ్చేదాకా ఏ మాటొచ్చినా ఇదే ఎత్తుతారు.

అల్మారా కింది అరలో డబ్బాతో పాటొచ్చిన చిన్న పుస్తకం ఉంది. ఇంగ్లీషు. ద్వాలి పదో తరగతి పరీక్షల గుమ్మం దాకా వచ్చి ఆగిన మనిషి. అక్షరాలు కూడబలుక్కుని చదవగలదు, అర్థం మాత్రం బొమ్మల్నించి లాక్కోవాలి. ఆరో పేజీలో డబ్బా వెనకభాగం బొమ్మ, దాని మీద ఆ బొక్క, దాని పక్కన బాణం గుర్తు ఉన్నాయి. కింద రాసింది మూడుసార్లు చదివింది. పది సెకన్లు నొక్కితే డబ్బా కొత్తగా కొన్ననాటి స్థితికి పోతుందట. ఎక్కించిన పేర్లు, పాస్‌వర్డ్ అనే తాళాలు, అన్నీ మరిచిపోతుందట. ఆమె పుస్తకాన్ని వేలు పెట్టి పట్టుకుని కాసేపు ఊరికే కూర్చుంది. భయం భయంగానే ఉంది, కానీ దాని పక్కన ఇంకేదో కూడా వచ్చి కూర్చుంది. ఒక పిన్నీసు మొనతో, ఉన్నదంతా మరిచిపోయి మొదటినించీ మొదలుపెట్టగల వస్తువు ఈ ఇంట్లో ఒకటుందా.

పుస్తకం చివరి అట్ట మీద బలరాం పెన్నుతో రాసుకున్న సహాయం నంబరు ఉంది. ఇంటి ఫోను నుంచి చేసింది. చాలాసేపు పాట వినిపించాక ఒకమ్మాయి పలికింది. తన పేరు కళ్యాణి అని, మేడం ఏం కావాలి అని అడిగింది. ద్వాలిని మేడం అన్నవాళ్లు అంతకుముందు లేరు. తనను కాదేమో అనుకుని ఒక క్షణం ఆగింది. పిన్నీసు సంగతి దాచకుండా చెప్పింది. అటువైపు నవ్వు ఆపుకున్న శబ్దం, తర్వాత, "ఫర్వాలేదు మేడం, చాలామంది చేస్తారు. కనెక్షన్ ఎవరి పేరు మీద ఉందండీ?"

అక్కడ పడింది చిక్కు. పక్కనే చాప మీద రూప్లి కందులు చెరుగుతోంది. మొగుడి పేరు నోటితో అంటే ఆయనకు ఆయుష్షు తగ్గుతుందని నమ్మే తండాలో పుట్టి పెరిగిన మనిషి. ఊరు మారినా ఆ పట్టింపు మారలేదు. పెళ్లయిన కొత్తలో రేషన్ షాపులో ద్వాలి నోరుజారి ఆ పేరు అంటే, మూడురోజులు ఆమె చేతి నీళ్లు తాగలేదు. మా పాప వాళ్ల నాయనది అని ద్వాలి మెల్లగా అంది. పేరు చెప్పండి మేడం, పేరు లేకపోతే నేను ఏదీ తెరవలేను అంది కళ్యాణి. ద్వాలి అత్త వైపు చూసింది, గోడ గడియారం వైపు చూసింది. మూడున్నర. ఫోన్ గట్టిగా చెవికి అదుముకుని ఒక్కొక్క అక్షరమే వదిలింది. "బి. ఏ. ఎల్."

రూప్లి చాట ఆపింది. "ఏంది, గా పిల్ల బియ్యే చదివిందా?"

"అవ్ అత్తా, బియ్యేనట" అంది ద్వాలి, ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టి.

"మా బలరాం గంతకన్న పెద్ద చదువే చదివిండు, చెప్పు" అని తృప్తిగా మళ్లీ చెరగసాగింది. ద్వాలి మిగిలిన మూడక్షరాలూ చెప్పేసింది. పెళ్లయిన ఏడేళ్లకు ఆయన పేరు ఆయన తల్లి ముందే పూర్తిగా పలికింది, ఆయుష్షేమీ తగ్గినట్టు లేదు.

తర్వాతి గంట ఎట్లా పోయిందో ఆమెకు తెలియలేదు. పసుపు తీగ ఒక కొసను డబ్బాకు, ఇంకో కొసను లాప్‌టాప్‌కు పెట్టింది. కళ్యాణి చెప్పిన అంకెలు, మధ్య మధ్య చుక్కలు పెడుతూ, పైన ఉన్న పొడుగు గడిలో కొట్టింది. తెరమీద ఒక వాకిలి తెరుచుకుంది. పేరు అడిగింది, తాళం అడిగింది. రెండూ డబ్బా అడుగున అచ్చువేసి ఉన్నాయి, రెండిటికీ ఒకటే మాట: అడ్మిన్. అంటే యజమాని లాంటి మాట మేడం, అన్నీ మార్చే అధికారం ఉన్నవాళ్లు అంది కళ్యాణి. పేరూ అదే, తాళమూ అదే అయితే ఎవరైనా రావొచ్చు గదా అని ద్వాలి అడిగింది. అటువైపు అమ్మాయి, మీరు అడిగారు గానీ చాలామంది అడగరండీ, ముందు అది మార్చేద్దాం అంది. ద్వాలికి మిట్ట ఎక్కినట్టు ఒళ్లు వెచ్చబడింది. తాను అడిగింది తెలివైన ప్రశ్న. జ్యోత్స్న చంకెక్కి తీగ లాగుతుంటే దాన్ని ఒక తొడ మీద కూర్చోబెట్టుకుని, ఎడమచేత్తో అటుకులు పెడుతూ కుడిచేతి ఒక్క వేలితో కొట్టింది. ఫోన్‌ను మెడకూ భుజానికీ మధ్య ఇరికించుకుంది. బిందె చంకలో, బిడ్డ ఇంకో చంకలో మోసిన ఒళ్లు కాబట్టి అది కష్టమనిపించలేదు.

నాలుగూ ఇరవైకి ఎర్రదీపం పచ్చగా మారింది. అక్కడితో ఫోన్ పెట్టేయొచ్చు. కానీ ద్వాలి పెట్టలేదు. తీగ లేకుండా ఎట్లొస్తదండీ అని అడిగింది. రేడియో పాట వచ్చినట్టే మేడం, గోడలు దాటి కూడా పోతుంది, తాళం వెయ్యకపోతే పక్కింటివాళ్లూ వాడుకుంటారు, మీ పేరు మీద ఎవరికైనా ఏదైనా పంపుతారు అంది. బిడ్డకు దగ్గొస్తదా? దానివల్ల రాదు మేడం, పొగ పడితే వస్తుందేమో చూడండి. చెప్పడానికి పట్టింది ఒక్క నిమిషం. ఆ ఒక్క నిమిషం మాట కోసం తాను రెండు రాత్రులు మేలుకుందా.

గాలిలోకి వదిలే పేరు పెట్టమంది కళ్యాణి. పాతది బలరాం పేరే. నోటితో అనొద్దన్నారు గానీ వేలితో కొట్టొద్దని ఎవరూ అనలేదు గనక, ద్వాలి ఆ ఆరక్షరాలూ మళ్లీ కొట్టింది. ఇక తాళం మిగిలింది. "ఎనిమిదికి తక్కువ కాకూడదు మేడం. ఎవరూ ఊహించలేనిది, మీరు మర్చిపోనిది పెట్టండి. నాక్కూడా చెప్పొద్దు."

ద్వాలి చెయ్యి గాలిలో ఆగింది. ఇంట్లో ఎవరూ ఊహించలేనిది. బిడ్డ పేరు అందరికీ తెలుసు. పెళ్లిరోజు తెలుసు. ఆమెకు ఏ కూర ఇష్టమో మాత్రం ఎవరికీ తెలియదు, కానీ ఆ సంగతి ఆమే మర్చిపోయింది. తనదై ఉండి, తాను మరిచిపోనిదై, ఎవరూ ఎన్నడూ అడగనిది ఏముంది? వేలు తనంతట తానే అంకెల వరుస మీదికి పోయింది. సెంటరు నంబరు మూడంకెలు, హాల్‌టికెట్ నంబరు ఏడంకెలు. రెండు జడలతో ఫోటో అంటించిన ఆ కాగితం చేతికొచ్చిన పదోరోజున పెళ్లి. పరీక్షేముంది, వచ్చే ఏడు కూడా వస్తది, సంబంధం రాదు అన్నాడు నాయన. కాగితం ఎప్పుడో పోయింది. నంబరు పోలేదు. కొత్త ఇంట్లో మొదటి రాత్రుల్లో, కొత్తగూడెం దవాఖానాలో నొప్పులు పడుతున్నప్పుడు, పళ్లు బిగించి ఆమె పైకీ లోలోపలా చదివింది ఆ పది అంకెలే. పక్కనున్నవాళ్లు దేవుడి పేరు తలుచుకుంటోందనుకున్నారు. కొట్టింది. తెరమీద పది నల్లచుక్కలు పడ్డాయి. భద్రం చేసింది, తీగ తీసి చుట్టి యథాస్థానంలో పెట్టింది.

బలరాం వచ్చి కాళ్లయినా కడుక్కోకుండా లాప్‌టాప్ తెరిచాడు. తెర తాళం అడిగింది. పాతది కొట్టాడు, ఒప్పుకోలేదు. మళ్లీ కొట్టాడు. ముఖం తెల్లబోయింది. ద్వాలి పిన్నీసు సంగతి చెప్పేసింది, మళ్లీ పెట్టించిన సంగతీ చెప్పింది. ఆయన మొదటి మాట, "ఎవరొచ్చిండ్రు ఇంటికి?"

ఎవరూ రాలేదని రూప్లే అంది. నీ పెండ్లమే ఫోన్లో గా బియ్యే పిల్లతోని ముచ్చట వెట్టుకుంట కొట్టింది అంది. ఆయన నమ్మలేదు, నమ్మకపోవడానికి టైమూ లేదు. నంబరు చెప్పమన్నాడు. ద్వాలి ఒక్కొక్క అంకె చెబుతుంటే కాగితం మీద రాసుకుని కొట్టాడు. దారి తెరుచుకుంది. సర్టిఫికెట్ ఎక్కించాడు, అన్నీ నింపాడు, ఏడుకు పదినిమిషాలుండగా దరఖాస్తు అందిందని తెరమీద వచ్చింది. వెనక్కి వాలి గట్టిగా ఊపిరి వదిలాడు. ద్వాలి కూడా వదిలింది, వంటింట్లోంచి.

అన్నం పెడతా రమ్మని పిలవబోయి చూసింది. ఆయన ఆ కాగితాన్నే చూస్తున్నాడు. పది అంకెలు. "ఎవరిది గీ ఫోన్ నంబరు?" అన్నాడు, గొంతు పెంచకుండానే.

ఆమె జవాబు చెప్పేలోగా సెల్ తీసి ఆ పది అంకెలూ నొక్కాడు. తల్లికీ వినబడాలన్నట్టు స్పీకర్ పెట్టాడు. రూప్లి కూడా కొంగు సర్దుకుని దగ్గరికొచ్చింది. ద్వాలి గుమ్మానికి చెయ్యి ఆనించి నిలబడింది. భయపడాలని చూసింది గానీ, రాలేదు. తన నంబరుకు ఫోన్ చేస్తే ఎవరు పలుకుతారో తెలుసుకోవాలని ఆమెకూ ఉంది. ఏడేళ్ల కింది ఆ రెండు జడల పిల్ల ఎత్తుతుందా, అక్కడ ఇంకా కూర్చునే ఉందా?

కాస్త గరగర. తర్వాత ఒక ఆడగొంతు, తొణకకుండా, ఎవరి మీదా కోపం లేకుండా: "మీరు డయల్ చేసిన నంబరు మనుగడలో లేదు."

బలరాం ముఖం తేటబడింది. సెల్ కింద పెట్టి, సిగ్గుతో కూడిన నవ్వుతో భార్య వైపు చూశాడు. "లేదంట. గిట్లాంటి నంబరే లేదంట."

"ఉన్నది" అంది ద్వాలి. "నా హాల్‌టికెట్‌ది. మార్చిల పరీక్ష రాస్తున్న."