వాడకంలో అజాగ్రత్త

అక్క చేతిలో పడ్డ వస్తువు పది కాలాలపాటు మన్నదని అతని గట్టి నమ్మకం. ఆ ఉదయం ఒక కాలికి మేజోడు తొడుక్కుని, రెండోది చేత్తో పట్టుకుని, ఆ నమ్మకాన్నే పైకి వల్లిస్తున్నాడు. ఆవిడ పట్టుకుంటే కప్పుల చెవులు ఊడతాయట, గొడుగు ఊచలు బయటికొస్తాయట, రేడియోకి గొంతు బొంగురుపోతుందట. పదకొండేళ్ళుగా ఆ ఇంట్లో ఆవిడ చేతిలో విరగకుండా మిగిలింది తమ్ముడి మొండితనం ఒక్కటే. ఆ ముక్క మాత్రం అతను వల్లించలేదు.

“ఈ వాచీ కట్టి నాలుగు నెలలు కాలేదు. చూడు, అద్దం ఎలా తయారైందో! పిల్లి వచ్చి గోళ్ళు పదును పెట్టుకున్నట్టుంది.”

“మనకి పిల్లి లేదుగా” అంది అక్క, టీ కప్పు అతని ముందు పెడుతూ.

“నేనూ అదే అడుగుతున్నా. పిల్లి లేకుండా ఈ గీతలెవరు గీశారని.”

“నేనెక్కడా కొట్టలేదురా.”

“అందరూ అదే అంటారు.”

నిజంగానే అందరూ అదే అంటారు. ఆ మాట వింటూనే అతను ముప్ఫై ఒక్క ఏళ్ళుగా జీతం తీసుకుంటున్నాడు. అతనిది వాచీల అద్దాలు చేసే ఫ్యాక్టరీలో పరీక్ష గది. చేరినప్పుడు గోడగడియారాల అద్దాలు, తరువాత చేతి వాచీలవి, ఇప్పుడు నాడి చూసి, నడకలు లెక్కపెట్టి, ఫోను మోగించే స్మార్ట్ వాచీలవి. అద్దం మారినా ఉద్యోగం మారలేదు. గీతలు పడి వెనక్కి వచ్చిన వాచీలను మైక్రోస్కోప్ కింద పెట్టి, తప్పు అద్దానిదా, మనిషిదా అని తేల్చడం అతని పని. అద్దానిదైతే ఎడమవైపు పెట్టె. మనిషిదైతే కుడివైపు పెట్టె, కాగితం మీద ‘వాడకంలో అజాగ్రత్త’ అని రబ్బరు ముద్ర. కుడివైపు పెట్టె రోజుకు రెండుసార్లు నిండేది. ఎడమవైపు దానిలో అతను టిఫిన్ డబ్బా పెట్టుకునేవాడు.

“ఇలా ఇవ్వు దాన్ని. ఇవాళ మా గదిలో పెట్టి చూస్తా. ఏ తలుపుకి కొట్టావో, ఏ గోడకి రాశావో కాగితం మీద రాసి తెస్తా.”

అక్క వెంటనే ఇవ్వలేదు. ఆ మధ్య రెండుసార్లు ఆవిడ గుండె లయ తప్పింది. రెండోసారి వంటింట్లో పడిపోయి, తనంతట తనే లేచి, తమ్ముడికి చెప్పకుండా దాచి, మోచేతి మీద కమిలిన మచ్చ వల్ల దొరికిపోయింది. ఆ తరువాతే అతను ఈ వాచీ తెచ్చి కట్టాడు. గుండె తడబడినా, ఆవిడ కింద పడినా అది అతని ఫోను మోగిస్తుంది. ఫ్యాక్టరీలో ఎవరూ ఫోను లోపలికి తీసుకెళ్ళకూడదు. అతనొక్కడే అర్జీ పెట్టుకుని, మూడు సంతకాలు చేయించుకుని, బల్ల మీద ఫోను పెట్టుకునే అనుమతి సంపాదించాడు. అక్క మీద అతనికి ప్రేమ లేదని ఎవరూ అనలేరు. అది ఎప్పుడూ అర్జీల రూపంలోనే ఉండేది, అంతే.

“డాక్టరుగారు తియ్యొద్దన్నారుగా?” అంది ఆవిడ.

“ఒక్క పూటకి ఏమీ కాదులే. సాయంత్రం నేనే కడతా.”

ఆవిడ పట్టీ విప్పి అతని అరచేతిలో పెట్టింది. “తీసుకెళ్ళు నాయనా. నేను అబద్ధమాడానని తేలితే ఆ కాగితం గోడకి అంటించుకో. వచ్చేవాళ్ళు పోయేవాళ్ళు చదువుకుంటారు.”

వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ ఎవరూ లేరని ఇద్దరికీ తెలుసు.

మూడంతస్తులు దిగి ఏడింటి బస్సెక్కాడు. వాళ్ళ కిటికీకి ఎదురుగా రెండేళ్ళుగా ఓ పెద్ద భవనం లేస్తోంది. అతను బయల్దేరే వేళకు అక్కడ పని మొదలుకాదు. తిరిగొచ్చే వేళకు ముగిసిపోతుంది. అందుకని అతని లెక్కలో అది రోజుకో వరుస ఇటుక తనంతట తనే పెరిగే చెట్టులాంటిది.

పరీక్ష గదిలో అతని బల్ల మీద తొమ్మిది పెన్సిళ్ళు వరుసగా ఉండేవి. వాటి మొనల్లో సీసం బదులు రాళ్ళుంటాయి. ఒకటో నంబరు గోటితో గీకితే రాలిపోయేంత మెత్తన, తొమ్మిది వజ్రానికి తమ్ముడు. ఈ అద్దానికి ఆరు దాకా గీత పడదు. తాళంచెవి, నాణెం, వంటింటి కత్తి, అన్నీ ఆరు లోపే. ఏడో నంబరు పలుగురాయి, ఇసుకలో మెరిసే రాయి. దానితో గీస్తే పడుతుంది. “ఇంట్లో ఏడో నంబరు ఎక్కడుంటుందండీ? ఎక్కడో గట్టిగా కొట్టుంటారు” అని అతను ఇన్నేళ్ళుగా జవాబులు రాస్తున్నాడు. ‘ఇసుక, సముద్రతీరం, కట్టుబడి పనులు’ అని కాగితంలో ఒక గడి ఉన్న మాట నిజమే. వాచీ పంపిన మనిషి మేస్త్రీ అయితే తప్ప అతను ఆ గడి వైపు చూడడు.

గదిలో అందరూ అతన్ని గీతల మాస్టారు అనేవారు. గౌరవంగానే అనేవారు, కాస్త దూరం నుంచి. క్యాంటీన్‌లో అతను వచ్చి కూర్చుంటే బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు మెల్లగా చొక్కా చేతులు కిందికి లాక్కునేవారు. మణికట్టు చూసి మనిషి గుట్టు చెప్పేస్తాడని భయం. పాతికేళ్ళ కిందట పెళ్ళి మాటలకు వచ్చిన ఒకమ్మాయిని అతను అడిగిన మొదటి ప్రశ్న, “మీరు తలుపులు విసురుగా వేస్తారా?” అని. ఆమె లేచి వెళ్తూ నిజంగానే విసురుగా వేసింది. తన అంచనా తప్పలేదని అతనికి చాలాకాలం తృప్తిగా ఉండేది. తరువాత తరువాత ఆ తృప్తితో కలిసి భోంచేయడం కుదరదని తెలిసినా, అప్పటికి క్యాంటీన్ మానేసి బల్ల దగ్గరే తినడం అలవాటైపోయింది.

ఆ ఉదయం మొదటి వాచీతో వచ్చిన ఉత్తరంలో ‘దీన్ని పసిబిడ్డలా చూసుకున్నాను’ అని ఉంది. పసిబిడ్డల్ని తలుపు సందుల్లో పెట్టి నొక్కేవాళ్ళు కూడా ఉంటారనుకుని ముద్ర వేశాడు. అలా పద్నాలుగు. పదకొండుకు కాస్త ముందు, పక్కవాళ్ళు టీకి లేస్తుండగా, జేబులోంచి అక్క వాచీ తీసి మైక్రోస్కోప్ కింద పెట్టాడు. పక్కనే జానెడు దూరంలో ఫోను ఉంది.

ముందు అంచులు చూశాడు. దెబ్బ తగిలితే అంచున చిన్న పెచ్చు లేస్తుంది. ఒక్కటీ లేదు. గోడకు రాసుకుంటే ఒకే వైపుకు లోతైన గాడి పడుతుంది. అదీ లేదు. ఉన్నవల్లా వెంట్రుక కన్నా సన్నని వంపు గీతలు, వందలకొద్దీ, ఒకదాని మీద ఒకటి, గుండ్రంగా. అతను అద్దాన్ని ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళలో మొదటిసారిగా పక్క బల్లను సాయం అడిగాడు.

పక్క బల్ల మీద పనిచేసే అమ్మాయి పని, వాచీలను నడుమెత్తు నుంచి రోజుకు మూడు వందలసార్లు నేల మీదికి వదలడం. ఆమెకు ఎవరి గుట్టుతోనూ పనిలేదు.

“ఇవి తుడిచిన గీతలు మాస్టారూ” అంది, ఒక కన్ను మూసి చూస్తూ. “దుమ్ము మీద పొడిగుడ్డ పెట్టి గుండ్రంగా రుద్దితే ఇలాగే పడతాయి. పాపం ఎవరోగానీ, మహా శ్రద్ధగా తుడిచారు.”

“మా ఇంట్లో దుమ్మెక్కడిదమ్మా? వెతికినా దొరకదు.”

“ఎదురుగా ఏదైనా కడుతున్నారా?”

“కడుతున్నారు. అయితే?”

“అయితే ఏమిటి మాస్టారూ? మీ ఇంట్లో దుమ్ము లేదంటే, దాన్ని పొద్దస్తమానం తుడిచే మనిషి ఉందన్నమాట.” ఆ అమ్మాయి నవ్వి టీకి వెళ్ళిపోయింది.

అతను సూదితో పట్టీ సందు కెలికాడు. ఒక రేణువు రాలింది. మైక్రోస్కోప్ కింద అది కోణాలు తేలి, తెల్లగా, గాజులా మెరిసింది. పలుగురాయి. ఏడో నంబరు పెన్సిల్ తీసుకుని పనికిరాని అద్దమ్ముక్క మీద తేలిగ్గా గుండ్రంగా తిప్పి రెంటినీ పక్కపక్కన పెట్టాడు. కవలపిల్లల్లా ఉన్నాయి.

అక్క పేరు మీద తయారుగా పెట్టుకున్న కాగితం ముందుంది. చెయ్యి అలవాటు కొద్దీ ముద్ర అందుకుని, సిరాలో అద్ది, గాల్లో ఆగిపోయింది. అతను మెల్లగా ముద్రను పక్కన పెట్టాడు.

ఆ మధ్యాహ్నం కుడివైపు పెట్టెలోంచి పసిబిడ్డ వాచీని మళ్ళీ తీసి చూశాడు. సన్నని వంపులు, గుండ్రంగా. అతను టిఫిన్ డబ్బాను కిందికి దించి, ఆ వాచీని ఎడమవైపు పెట్టెలో పెట్టాడు. అంత పెద్ద పెట్టెలో అది ఒక్కటే చాలా చిన్నదిగా కనిపించింది.

ఇంటికి రెండుసార్లు ఫోను చేశాడు. అక్క ఎత్తలేదు. ఆవిడ ఫోను దిండు కింద పెట్టి ఇల్లంతా వెతికే మనిషి. దానికి కంగారు పడాలని అతనికి తోచలేదు. కంగారు పడాల్సి వస్తే మోగడానికి వేరే ఏర్పాటు ఉందని పదే పదే గుర్తు చేసుకోవడం అలవాటు. ఆ ఏర్పాటు ఇవాళ తన జేబులోనే ఉందన్న మాట బస్సెక్కాక గానీ గుర్తు రాలేదు. వచ్చినా, ఒక్క పూటేగా అనుకున్నాడు.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఏం చెప్పాలో కూర్చుకున్నాడు. తప్పు ఒప్పుకోవడం అతనికి కొత్త విద్య. మొదట “అద్దంలోనే ఏదో తేడా ఉందిలే” అని అనుకున్నాడు. అది మరీ దొంగమాటలా తోచింది. “నీ తప్పేం లేదు” అందామనుకున్నాడు. అలా అంటే మరి ఎవరి తప్పని ఆవిడ తప్పకుండా అడుగుతుంది. దిగే చోటు వచ్చేసరికి, ఏమీ అనకుండా వాచీ చేతికి కట్టి “టీ పెట్టు” అనడం దగ్గర బేరం కుదిరింది. ఆవిడ అర్థం చేసుకుంటుంది. పదకొండేళ్ళుగా చేస్తున్నది అదేగా.

తలుపు తన తాళంతో తీసుకున్నాడు. సాయంత్రపు ఎండ ఇంకా గదిలో ఉంది. అక్క భోజనాల బల్ల పక్క కుర్చీలో, తల కాస్త గోడకు ఆనించి, నిద్రపోతున్నట్టు కూర్చుని ఉంది. కాలి కింద ఏదో కరకరలాడితే అతను బూట్లు విప్పడం మరిచిపోయాడేమోనని చూసుకున్నాడు. విప్పే ఉన్నాయి. దగ్గరకు వెళ్ళి వాచీ కట్టడానికని చెయ్యి అందుకున్నాక తెలిసింది.

ఎదురు ఫ్లాట్ ఆవిడ వచ్చింది. ఆవిడే డాక్టరును పిలిపించింది. డాక్టరు చూసి, పదకొండు ప్రాంతంలో ప్రాణం పోయి ఉంటుందన్నాడు, బాధపడి ఉండదన్నాడు.

“చేతికి వాచీ ఉంటే?” అని అతను అడిగాడు.

“చెప్పలేమండీ” అన్నాడు డాక్టరు. “లాభం ఉండొచ్చు, ఉండకపోవచ్చు.” కాగితం రాసిచ్చి వెళ్ళిపోయాడు.

“పొద్దున్న పదింటికి గుమ్మంలో కనబడింది బాబూ” అంది ఎదురు ఫ్లాట్ ఆవిడ, కళ్ళు తుడుచుకుంటూ. “చెయ్యి బోసిగా ఉందేమిటండీ అన్నాను. మా తమ్ముడు పరీక్ష రాయించడానికి తీసుకెళ్ళాడు, ప్యాసవుతానో లేదోనని నవ్వింది. ఇంకా నిలబడమంటే, ఎదురు భవనంలో మిషను మొదలైంది, దుమ్ము తుడుచుకోవాలి, మా వాడికి ఇల్లు అద్దంలా ఉండాలి అని లోపలికి వెళ్ళిపోయింది.”

అతను మొదటిసారిగా గదిని చూశాడు. కిటికీ గట్టు మీద, కుర్చీ చేతుల మీద, రేడియో మీద, పదకొండు నుంచీ ఎవరూ తుడవని సన్నని తెల్లని పొర. వేలితో రాసి వెలుగుకు పట్టాడు. రేణువులు మెరిశాయి. ఇన్నేళ్ళలో ఈ ఇంట్లో ఒక పగటి దుమ్ము అతని కంట పడటం ఇదే మొదలు.

“నాదే తప్పండీ” అన్నాడు.

“అలా అనుకోకు బాబూ. ఆ ఘడియ వస్తే ఎవరాపగలరు?”

“అది కాదండీ. వాచీ సంగతి. అక్క దాన్ని ఎక్కడా కొట్టలేదు.”

ఆవిడకు అర్థం కాలేదు. అయినా తలూపింది, అలాంటప్పుడు ఊపాలి కనుక. అతను కుర్చీ వైపు తిరిగాడు. పొద్దున్న ఫిర్యాదు చేసినంత గట్టిగా, మెట్ల దాకా వినిపించేలా అన్నాడు.

“తప్పు నాది అక్కా. నువ్వెక్కడా కొట్టలేదు. నువ్వు తుడిచావు. నేను చూడలేదు.”

భోజనాల బల్ల సగం దాకా అద్దంలా మెరుస్తోంది. మిగతా సగం మీద పగలంతా పడ్డ దుమ్ము తెల్లగా పరుచుకుని ఉంది. ఆ రెంటికీ నడుమ, నాలుగు అంచులూ శ్రద్ధగా మడిచి కుట్టిన చిన్న గుడ్డ ఒకటి, సగం గుండ్రం తిరిగి ఆగి ఉంది.