సూది, దారం, మిషను, తర్వాత మనిషి

మా కొట్లో ఒక పద్ధతి ఉంది. కుట్టు తప్పిందంటే ముందు సూది చూస్తాం. సూది బాగుంటే దారం చూస్తాం. దారం కూడా బాగుంటే మిషను విప్పుతాం. మా ఆయన ఉన్న రోజుల నుంచీ అంతే. ఆయన పోయాక కొట్టు మేం ముగ్గురం నడుపుతున్నాం. గుడ్డ కత్తిరించేది మా తోడికోడలు, కుట్టేది నేను, ఇస్త్రీ మా మరిది. తోడికోడల్ని అందరూ మాస్టరమ్మ అంటారు. నన్ను "ఇంకో ఆవిడ" అంటారు.

మాస్టరమ్మ నోట్లో గుండుసూదులు పెట్టుకుని కూడా మాట్లాడగలదు. టేపు నడుముకు చుట్టి, "కిందటిసారికీ ఇప్పటికీ మీ ఇంట్లో వంట బాగా కుదిరినట్టుందండీ," అంటుంది. కొలతలిచ్చే మనిషి కూడా నవ్వేస్తాడు. ఆమధ్య ముందుగా అలాంటి నోరు మూతపడింది. కొట్టు ప్రశాంతంగా ఉందని మా మరిది సంబరపడ్డాడు. ఆ తర్వాత కత్తెర ఆగిపోయింది.

బల్ల మీద గుడ్డ పరిచి సుద్దతో గీత గీసేది. టేపు పెట్టి చూసి, ఆ గీత దులిపేసి మళ్ళీ గీసేది. మళ్ళీ దులిపేది. కత్తెర చేతిలోకి తీసుకుని అలాగే నిలబడేది. సాయంత్రానికి బల్లంతా నీలంసుద్ద పొడి, గుడ్డ మాత్రం పొద్దున ఎలా ఉందో అలాగే ఉండేది.

మేం మా పద్ధతి ప్రకారమే వెళ్ళాం. కత్తెర మొద్దుబారిందేమోనని మా మరిది సాన పట్టించుకొచ్చాడు. అయినా కదల్లేదు. వెలుతురు చాలడం లేదేమోనని బల్ల మీదికి పెద్ద బల్బు దించాం. సుద్ద మార్చాం. చివరికి కళ్ళేనని తేల్చుకుని కళ్ళడాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన పరీక్ష చేసి, "ఈవిడ చూపు నాకంటే బాగుంది," అన్నాడు. మా మరిదికి నమ్మకం కుదరక కత్తెరకి ఇంకోసారి సాన పట్టించాడు.

"ఇంకెన్నిసార్లు పట్టిస్తావయ్యా, అరిగి సూదైపోతుంది," అన్నాను.

"మరి నన్నేం చెయ్యమంటారు వదినా? అడిగితే చెప్పదు."

మాస్టరమ్మ మా ఇద్దరి వైపూ చూసి, చీపురు తీసుకుని సుద్దపొడి ఊడ్చుకుంది. మామూలుగా అయితే ఆ మాటకి మా మరిది చెవుల తుప్పు వదిలిపోయేది.

మాకు ఎప్పటినుంచో తెలిసిన నర్సమ్మ ఒకావిడ ఉంది. కొత్త తెల్లకోటుకి గుడ్డ ఇచ్చి చాలా రోజులైంది. వచ్చినప్పుడల్లా మాస్టరమ్మ "రేపు" అంటోంది. ఒకరోజు వచ్చినప్పుడు నర్సమ్మ కోటు సంగతి అడగలేదు. బల్ల మీద గుడ్డ చూసింది. దులిపిన గీతలు ఒకదాని మీద ఒకటి మసక మసగ్గా కనబడుతున్నాయి.

"నిద్ర పడుతోందా మాస్టరమ్మా?" అంది.

"పడుతుంది. తెల్లారేముందు."

"అన్నం?"

"తింటున్నా."

"ఏం తింటోంది, కంచంలో కెలుకుతోంది," అన్నాను నేను.

నర్సమ్మ స్టూలు లాక్కుని పక్కన కూర్చుంది. "కత్తెర పట్టుకుంటే ఏమవుతుంది?"

మాస్టరమ్మ గుడ్డ అంచు నలిపింది. తర్వాత మెల్లగా చెప్పింది. "గుండె గొంతులోకొస్తుంది. కుట్టు తప్పితే విప్పుకోవచ్చు. కత్తిరించాక ఏం చేస్తాం? ఒక్క గుడ్డ కూడా పాడు కాలేదు, నాకు తెలుసు. తెలిసినా కత్తెర ముందుకి పోదు. పొద్దున్నే లేవాలంటేనే భయం. ఎందుకు లేవాలో కూడా తెలియదు."

ఇన్ని రోజులూ మేం బల్బుని అడిగాం, కత్తెరని అడిగాం. ఆ మనిషిని పక్కన కూర్చుని అడిగింది నర్సమ్మే.

"దీనికి మా ఆస్పత్రిలో మనసుకి వైద్యం చేసే డాక్టరమ్మ ఉంది. పై అంతస్తులో," అంది నర్సమ్మ. "మా అమ్మ పోయాక నేనూ వెళ్ళాను. ఇప్పటికీ అప్పుడప్పుడూ వెళ్తాను."

ఇస్త్రీ బల్ల దగ్గర మా మరిది పెట్టె పక్కన పెట్టేశాడు. "అంటే, నా భార్యకి పిచ్చంటారా?"

"నన్ను చూస్తే పిచ్చిదానిలా ఉన్నానా బాబూ?" అంది నర్సమ్మ నిమ్మళంగా.

అతను తడబడి, "మీరు కాదండీ, జనం ఏమంటారోనని," అన్నాడు.

"ఆ మధ్య నీ పన్ను నొప్పెడితే పళ్ళడాక్టరు దగ్గరికి నేనేగా తీసుకెళ్ళింది," అన్నాను. "జనం నిన్ను బోసినోరాయన అన్నారా?"

అతను పెట్టె మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. కానీ మాస్టరమ్మ తల అడ్డంగా ఊపింది. "నేను రాను అక్కా. అక్కడికెళ్ళి ఏం చెప్పాలో నాకు తెలియదు. ఒకసారి మొదలుపెడితే ఇక వదలరేమో."

తనకి భయం అక్కడే ఉందని నాకప్పుడు అర్థమైంది. వెనక్కి తీసుకోలేని పనంటేనే భయం. అందుకని మా భాషలోనే చెప్పాను.

"పక్కా కుట్టు కాదు, కచ్చాకుట్టు వేసి చూద్దాం. ఒక్కసారి వెళ్దాం. ఒంటికి సరిపోకపోతే దారం లాగేసి ఇంటికొచ్చేద్దాం. నేను బయట కూర్చుంటా."

"లాగేస్తావా నిజంగా?"

"నువ్వు లేచొస్తే నేను అడగను కూడా."

వెళ్ళాం. అందరూ నేల చూస్తూ కూర్చుంటారనుకున్నాను గానీ, అక్కడ జనం ఏ దంతాల ఆస్పత్రిలోనో ఉన్నట్టే ఉన్నారు. ఒకాయన పేపరు చదువుతున్నాడు. ఒకమ్మాయి ఫోనులో ఎవరితోనో కూరగాయల గురించి వాదిస్తోంది. మాస్టరమ్మ నా చెయ్యి పట్టుకుంది. పేరు పిలిచారు. తను లేచింది, మళ్ళీ కూర్చుంది. నేనేమీ అనలేదు. మాటిచ్చాను కదా. కాసేపటికి తనంతట తనే లేచి లోపలికెళ్ళింది.

బయటికొచ్చేసరికి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. డాక్టరమ్మ నన్నూ లోపలికి పిలిచింది. ఇది ఆందోళన, దిగులు కలిసిన జబ్బనీ, మాస్టరమ్మ తప్పు కాదనీ, బద్ధకం కాదనీ చెప్పింది. మాత్రలు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, బాగుందనిపించినా తనని అడక్కుండా ఆపొద్దు అంది. వారం వారం వచ్చి మాట్లాడమంది. "మధ్యలో మరీ కష్టంగా అనిపిస్తే, బతకడం ఎందుకనిపిస్తే, వారం తిరిగేదాకా ఆగకుండా వెంటనే రండి," అంది మాస్టరమ్మ కళ్ళలోకి చూసి.

మెట్లు దిగుతూ అడిగాను. "దారం లాగేయమంటావా?"

"ఉండనీ," అంది. రెండు మెట్లు దిగాక, "డాక్టరమ్మ కోటు భుజాలు దిగిపోయాయి అక్కా. ఎవరు కుట్టారో గానీ," అంది. ఎన్నాళ్ళకో విన్న ఆ దెప్పుడుకి నేను మెట్టు మీదే ఆగి నవ్వాను.

అన్నీ ఒక్కసారిగా చక్కబడలేదు. మొదట్లో మాత్రలకి నోరెండిపోతోందని విసుక్కుంది. కొన్ని పొద్దుటిపూటలు లేవనే లేదు. అప్పుడు మా మరిది టీ పెట్టి మంచం దగ్గరికి తీసుకెళ్ళేవాడు. ఆ టీ ఎలా ఉండేదో నేను చెప్పను. డాక్టరమ్మ చెప్పినట్టు ముందు పాత కాగితాలు కత్తిరించింది, తర్వాత చిరిగిన దుప్పట్లు, ఆ తర్వాత తలదిండు గలేబులు. నర్సమ్మ తన గుడ్డ వెనక్కి అడగలేదు. అది బల్ల చివర మడత పెట్టి ఉండేది.

నిన్న మధ్యాహ్నం నేను గుండీలు కుడుతుంటే, మాస్టరమ్మ ఆ తెల్లగుడ్డ తీసి పరిచింది. గీత గీసింది. టేపు పెట్టి చూసింది. దులపలేదు. నేను తల ఎత్తకుండా గుండీనే చూస్తూ కూర్చున్నాను. మా మరిది ఇస్త్రీ పెట్టె ఎత్తి పట్టుకుని అలాగే నిలబడ్డాడు. కత్తెర గుడ్డలో కరకరమంది.

కొంతదూరం వెళ్ళి ఆగింది. నేను తల ఎత్తాను.

"ఏమయ్యా, ఈ కత్తెరకి ఎన్నిసార్లు సాన పట్టించావు?" అంది మొగుడి వైపు తిరిగి. "పట్టుకుంటే చాలు జారిపోతోంది. గుడ్డలు కత్తిరించడానికా, గడ్డాలు గీయడానికా ఇది? బల్బు చూస్తే నెత్తి మాడిపోతోంది. నేను కాస్త మాట్లాడకపోతే కొట్టంతా ఇలా తగలేస్తారా ఇద్దరూ?"

మా మరిది నా వైపు చూశాడు. ఆనందంతో మొహమంతా వెలిగిపోతూ, "వదినే చెప్పింది," అన్నాడు.

అబద్ధం. అయినా పోనీలెమ్మని ఊరుకున్నాను. తను ఇంకా తిడుతూనే మిగతా గుడ్డ కత్తిరించింది. తర్వాత విప్పి వదులు చేసుకోడానికి ఉంటుందని లోపల మడతకి మామూలు కంటే రెండు వేళ్ళు ఎక్కువే వదిలింది. నేను దాన్ని మిషను మీదికి తీసుకున్నాను.