సప్తసీమలో అల్లం మడి

ఆ ఆదివారం పొద్దుగూకేలోగా త్రివేణి చేయవలసిన పనులు ఇవి: విత్తనపు అల్లంలో మెత్తబడ్డ ముక్కలు ఏరి పారేయాలి. మంచివి సంచికెత్తి కోహీర్‌లో ఉన్న బాలమణి అత్తకు చేర్చాలి. నాయనమ్మను వెంట తీసుకుపోవాలి. దారిలో స్కూటీకి గాలి కొట్టించాలి. అత్త కూతురు రేఖ ఎదురుపడితే, ఆమెతో మాట్లాడకుండా తిరిగి రావాలి.

చివరి పనే అన్నిటికంటే కష్టం. రేఖ నోరు ఊరుకోదు. త్రివేణికి ఆ నోరంటే ప్రాణం.

చిరాగ్‌పల్లిలోని వాళ్ల ఇంట్లో డిగ్రీ దాకా చదివింది త్రివేణే మొదలు. జహీరాబాద్‌లో ట్రాక్టర్ సామాన్ల దుకాణంలో లెక్కలు చూస్తుంది. బీకాం పాసైన నాటి నుంచి ఇంట్లో ఆమెకు మర్యాద పెరిగిపోయింది. టీవీ రిమోట్ పనిచేయకపోయినా ఆమెనే అడుగుతారు, మేక మేత ముట్టకపోయినా ఆమెనే అడుగుతారు. ఏం చెప్పినా తల ఊపుతారు. ఆమెను ఆటపట్టించే మనిషి ఒక్క రేఖే. వదినామరదళ్లు ఒకరినొకరు ఏడిపించుకోవడం ఆ ఇళ్లలో హక్కు. ఆ హక్కు మూలపడి రెండేళ్లయింది. కారణం ఒక ఆట.

ఆట పేరు సప్తసీమ. ఫోనులో ఆడేది. ఎక్కడెక్కడివాళ్లో ఒకే లోకంలోకి వచ్చి, తలా ఒక వేషం కట్టి తిరుగుతారు. రేఖ కత్తి పట్టింది, త్రివేణి వైద్యురాలైంది. మిగతావాళ్లు రాక్షసులను చంపి పేరు తెచ్చుకుంటుంటే, ఈ ఇద్దరూ తూర్పు ద్వారం పక్కన ఒక మడి సంపాదించి, గాయాలు మాన్పే దుంప పండించడం మొదలుపెట్టారు. ఆ దుంప అచ్చం అల్లంలా ఉండేది. అల్లం కనబడ్డాక వాళ్లకిక రాక్షసులెందుకు?

నాయనమ్మ ఎల్లమ్మ వాళ్ల వెనక కూచుని ఫోనులోకి తొంగిచూసేది. అది ఉత్త ఆటేనని చెప్పినా ఆమె పట్టించుకోలేదు. మొదటి పంట తీయగానే హుకుం జారీ చేసింది.

"అల్లం తీసిన మడిల మల్ల అల్లమే పెడ్తార? కుళ్లు పట్టి పోతది. ఓ పంట ఇడువుండ్రి."

మనుమరాళ్లు బుద్ధిగా విడిచారు. కొన్నాళ్లకు చూస్తే వాళ్ల మడిలో ఎవరో గుర్రాలు కట్టేసుకున్నారు. త్రివేణి ఫోనులో ఒక ముక్క కనిపించింది: 'మీ భాగస్వామి ఈ నేలను వదులుకున్నారు.'

వెంటనే రేఖకు ఫోన్ చేసింది. "నన్ను అడగకుండ మన మడి ఎట్ల ఇచ్చినవ్?"

"ఇచ్చింది నువ్వు. మల్ల నన్నే అంటున్నవా?" అంది రేఖ.

అంతే. త్రివేణి రేఖ నంబరు బ్లాక్ చేసింది. ఆటకు ఒకే ఒక్క స్టార్ ఇచ్చి ఫోనులోంచి తీసేసింది. ఆ మాటలు పక్క గదిలోంచి విన్న ఆమె తండ్రి సుదర్శన్, తెల్లారగానే పాస్‌బుక్ పట్టుకొని తహసీల్ ఆఫీసుకు పోయి, భూమంతా తన పేరునే ఉందని తేల్చుకొని వచ్చాడు. అయినా ఇప్పటికీ చెల్లెలు బాలమణి ఇంట్లో కుర్చీ అంచునే కూచుంటాడు.

ఆదివారం స్కూటీ ముందు అల్లం సంచి, వెనక నాయనమ్మ. కోహీర్ చేరాక బాలమణి అత్త సంచి దించుకొని, చాయ్ పెట్టడానికి లోపలికి పోయింది. వసారాలో కుట్టుమిషన్ ముందు రేఖ కూచుని ఉంది. తల ఎత్తలేదు.

"అమ్మమ్మా," అంది జాకెట్టు చేయి కుడుతూనే, "నీ డిగ్రీ మనుమరాలిని చాయ్‌ల చక్కెర ఎంతనో అడుగు. లెక్కలు ఆమెకే ఎరుక."

త్రివేణికి నవ్వొచ్చింది. ఆపుకుంది. "నాయనమ్మా, మిషన్ కాడ కూసున్నామెకు చెప్పు, రెండు చెంచలని."

"రెండట," అంది ఎల్లమ్మ. "ఇగ నేను మోయ మీ మాటలు. గా మడి ముచ్చట తేల్చుండ్రి. ఎవలు ఇచ్చిన్రు?"

"ఆమెనే," అంది త్రివేణి.

మిషన్ ఆగింది. "ఎవ్వలం ఇయ్యలే, అమ్మమ్మా," అంది రేఖ. "ఆట చేసినోళ్లే పోయిన దసరాకు ఒప్పుకున్నరు. ఏం నాటకుంట ఉంచిన మడిని ఆటే గుంజుకుంటుండె. గుంజుకొని ఇద్దరికి ఒకటే మాట పంపింది. ఆమెకు నేను ఇడిచిన్నని, నాకు ఆమె ఇడిచిందని."

త్రివేణి మిషన్ దగ్గరికి జరిగింది. తర్వాత నాయనమ్మను పక్కనపెట్టి నేరుగా అడిగింది. "మరి నాకు చెప్పొచ్చు కద, వదినా?"

"ఎట్ల చెప్పాలె? నంబర్ బ్లాక్ చేస్తివి. బస్ కండక్టర్‌కు చెప్పి పంపాల్నా?"

"అత్తమ్మతోనన్న చెప్పిస్తే అయిపోతుండె."

"మడి అన్న మాట ఇంటె మామ మల్ల పాస్‌బుక్ పట్టుకొని ఉరుకుతడు."

ఎల్లమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. రేఖ నవ్వలేదు. కత్తెర అందుకొని, కోయాల్సిందేమీ లేక మళ్లీ పెట్టేసింది.

"నువ్వే వస్తవనుకున్న. సదువుకున్నదానివి, జర ఆలోచిస్తవనుకున్న."

ఆ మాటలో వెటకారం లేదు. అందుకే త్రివేణికి తగిలింది.

"ఆలోచించిన," అంది. "ఆలోచించినప్పుడల్ల కోపం ఇంకింత పెరిగింది."

అప్పుడు నవ్వింది రేఖ. ఫోను తీసి చూపించింది. తూర్పు ద్వారం పక్కన, ఆటవాళ్లు తిరిగి ఇచ్చిన పాత మడి. గుర్రాలు లేవు. మడి నిండా ఎండుటాకులు కప్పి ఉన్నాయి. ఆకు కప్పిన మడిని విశ్రాంతి నేలగా లెక్కపెడతారట, ఇప్పుడు దాన్ని ఎవరూ ముట్టరాదట. మడి గట్టున బోర్డు మీద రేఖ పేరుంది. దాని పక్కన ఖాళీ.

"శానమంది అడిగిన్రు ఆ జాగ. నేను ఇయ్యలే."

"ఎందుకు?"

"వాళ్లను ఎక్కిరిస్తె ఏడుస్తరు."

"ఆకు కప్పాలని ఆట చేసినోళ్లకెట్ల ఎరుక?" అని ఎల్లమ్మ అడిగింది.

"నేనే రాసి పంపిన. మా అమ్మమ్మ గిట్ల చెప్తదని."

"నా పేరు రాసినవా?"

"లేదమ్మమ్మా."

"పేరు రాయకుంట ఎట్ల? ఎవలో అమ్మమ్మ అనుకోరా?"

త్రివేణి ఆటను మళ్లీ ఎక్కించుకోబోతే ఫోనులో జాగా లేదు. సగం గ్రూప్ పరీక్షల నోట్సు, సగం తండ్రి రోజూ పంపే శుభోదయం బొమ్మలు. "నోట్సు తీసెయ్యి, ఎట్లాగు సదువవ్," అంది రేఖ. త్రివేణి కాస్త ఆలోచించి గులాబీలనూ సూర్యోదయాలనూ తీసేసింది. ఆట వచ్చింది. వచ్చీ రాగానే బిగుసుకుపోయింది.

"ఇది ఇంక మారలే," అంది త్రివేణి.

"నువ్వు మారినవా?"

రెండోసారి తెరుచుకుంది. మడి గట్టున వైద్యురాలు పాత కాషాయం చీరలోనే, భుజాన మందుల సంచితో నిలబడి ఉంది. రేఖ బోర్డు మీద ఖాళీలో పేరు కొట్టింది: 'డిగ్రీ మేడం'. మార్చమని త్రివేణి అడగలేదు. బాలమణి అత్త తెచ్చిన చాయ్ చల్లారిపోయింది. అందులో చక్కెర మూడు చెంచాలు పడింది, మూడోది రేఖ పనేనని అందరికీ తెలుసు.

ఇంటికి తిరిగి వచ్చాక, తానిచ్చిన ఒక్క స్టార్‌ను నాలుగు చేసి, పాత మాటలు కొట్టేసి, త్రివేణి కొత్తగా రాయడానికి కూచుంది. ముందు రేఖకు పంపింది. 'ఇది ఆట గురించి రాసినవా, పరీక్షకు జవాబు రాసినవా?' అని తిరుగు మాట వచ్చింది. అయినా త్రివేణి ఒక్క అక్షరం తీయలేదు. అక్కడ ఇప్పటికీ ఇలాగే ఉంది:

'ఈ ఆట ఒకప్పుడు మా మధ్య గొడవ పెట్టింది. తర్వాత తప్పు ఒప్పుకొని, మా మడి మాకు ఇచ్చింది. ఇంకా అక్కడక్కడ ఆగిపోతుంది. అయినా మానేసినవారు ఇంకోసారి ఆడి చూడవచ్చు. ఒంటరిగా మాత్రం వెళ్లకండి, మిమ్మల్ని ఎగతాళి చేసే మనిషిని తోడు తీసుకుపోండి. తూర్పు ద్వారం పక్కన ఆకు కప్పిన మడి కనిపిస్తే అది ఖాళీ అనుకోకండి. నేలకు విశ్రాంతి ఇవ్వాలని మాకు చెప్పింది చిరాగ్‌పల్లి ఎల్లమ్మ. పేరు రాసేదాకా లేవనని నా పక్కనే కూచుంది. రాక్షసులను చంపి అలసిపోయి మీరు అటుగా వచ్చినప్పుడు, దయచేసి ఆమెను ఒకసారి తలుచుకోండి.'